పేరు మనది... పత్రం చదివేదెవరు?

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో ఆ సామెతకి ఇంకో మాట కలపాలేమో... ‘కొన్న ఇంటి కాగితాలు చదివి చూడు!’

2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్‌లో ‘హైడ్రా’ అనే సంస్థను ఏర్పాటు చేసింది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చెరువుల్లోనూ, చెరువుల అంచుల్లోనూ లేచిన కట్టడాలను కూల్చింది. బుల్డోజరు ముందు నిలబడి గుండెలు బాదుకుంటున్న ఆడవాళ్ళను టీవీలో అందరం చూశాం. ఎవరి నోట విన్నా ఇంచుమించు అవే నాలుగు మాటలు. “రిజిస్ట్రేషన్ అయిందండీ. బ్యాంకు వాళ్ళు లోనిచ్చారండీ. కరెంటు మీటరిచ్చారండీ. ఇంటిపన్ను కడుతున్నామండీ.”

అదే సెప్టెంబరు మొదట్లో మా విజయవాడలో బుడమేరు పొంగింది. సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నానిపోయాయి. ఒకచోట నీటి దారిలో ఉన్న ఇంటిని మనుషులు కూల్చారు, ఇంకోచోట నీరే ఇంట్లోకి వచ్చింది. రెండుచోట్లా చితికిపోయింది మధ్యతరగతి, పేద కుటుంబాలే.

కూల్చడం న్యాయమా అంటే, దాని మీద వాదించడానికి చాలా ఉంది. ఫీజు కట్టించుకుని రిజిస్టరు చేసిందీ, పన్ను వసూలు చేసిందీ ప్రభుత్వ శాఖలే కదా! మరి శిక్ష కొన్నవాళ్ళకేనా, అనుమతులిచ్చిన ఆఫీసర్లకి ఉండదా అన్న ప్రశ్న సబబైనదే. కానీ ఆ ప్రశ్నకి జవాబు వచ్చేదాకా స్థలాలు కొనడం ఆగదు. రేపు కొనబోయే ఇల్లాలు ఏం చేయాలి? మన ఇళ్ళలో ఇల్లో, స్థలమో కొంటే ‘ఆవిడ పేరు మీద’ కొనడం ఎక్కువైంది. పేరు మనదైనప్పుడు ఆ పత్రం చదవాల్సిందీ మనమే అంటాను నేను.

నాలుగు కాగితాలు, నాలుగు అర్థాలు

ఆ ఆడవాళ్ళు చెప్పిన నాలుగూ నిజాలే. ఒక్కరూ అబద్ధమాడలేదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ నాలుగు కాగితాల్లో ఏ ఒక్కటీ ‘ఈ స్థలం నిక్షేపంలాంటిది, ఇక్కడ ఇల్లు కట్టుకోవచ్చు’ అని చెప్పదు.

రిజిస్ట్రేషన్ సంగతి చూడండి. మన దేశంలో రిజిస్టరు చేసేది దస్తావేజుని. ఫలానా ఆయన ఫలానా ఆవిడకి అమ్మాడని రాసుకున్న కాగితాన్ని సర్కారు నమోదు చేస్తుంది, అంతే. అమ్మినాయనకి అసలు హక్కుందో లేదో పూచీ పడదు. బ్యాంకు లాయరు కాగితాలు చూసేది బ్యాంకు అప్పు మునగకుండా. పైగా రేపు ఇల్లు కూలినా అప్పు మాత్రం నిలిచే ఉంటుంది, నెలనెలా కట్టాల్సిందే! కరెంటు మీటరు మీరక్కడ కరెంటు వాడుతున్నారని చెబుతుంది. ఇంటిపన్ను రసీదు మీరక్కడ కట్టడం కట్టారని చెబుతుంది. అనుమతి లేని కట్టడానికీ పన్ను వేస్తారు. పన్ను కట్టినంత మాత్రాన అక్రమం సక్రమమైపోదు.

మరి చూడాల్సిన కాగితాలేవి? మొదటిది లింకు డాక్యుమెంట్లు, అంటే ఈ స్థలం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారుతూ వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు. కనీసం 30 ఏళ్ళవి చూడమంటారు లాయర్లు. రెండోది ఈసీ. స్థలం మీద తాకట్లూ, అమ్మకాలూ ఏవైనా రిజిస్టరయి ఉంటే అందులో తెలుస్తుంది. మూడోది నిషేధిత భూముల జాబితా. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షన్ కింద ప్రభుత్వ భూములూ, దేవాదాయ భూములూ, వక్ఫ్ భూములూ, అసైన్డ్ భూములూ ఇందులో ఉంటాయి. పేదలకు ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూమిని అమ్మడం, కొనడం కుదరదని 1977లోనే చట్టం వచ్చింది. ‘చవగ్గా వస్తోంది’ అంటే ముందు ఈ జాబితా వైపే చూడాలి. నాలుగోది, కట్టిన ఇల్లయితే మంజూరైన ప్లానూ, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టూ.

‘ఏదో జీపీఏ ఉందిలెండి, తర్వాత రిజిస్టరు చేయిస్తాం’ అనేవాళ్ళూ ఉంటారు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కాగితంతో స్థలం మీద హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. కాబట్టి అమ్ముడు దస్తావేజు అన్నది ఉండి తీరాలి.

దస్తావేజు చేతికొస్తే నా కళ్ళు ముందుగా చివరి పేజీలోని షెడ్యూలు మీదకి పోతాయి. కథలు రాసేదాన్ని కదా, మాటల మీద పట్టింపెక్కువ! తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అంటూ నాలుగు హద్దులు రాసి ఉంటాయక్కడ. ఇప్పటి పత్రంలో ‘ఉత్తరం: 30 అడుగుల రోడ్డు’ అని ఉంటుంది. ఇరవయ్యేళ్ళ కిందటి లింకు పత్రంలో అదే హద్దుకి ‘కుంట’ అనో, ‘కాలువ’ అనో, ‘శిఖం’ అనో, ‘పోరంబోకు’ అనో ఉందా? ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోండి. కాలువ ఎప్పుడు రోడ్డయింది, ఎవరు చేశారని అడగండి.

హైదరాబాద్ వైపు కొనేవాళ్ళకి ఇంకో రెండు మాటలు తెలియాలి. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు ఎంతదాకా నిలుస్తుందో ఆ గీతని ఎఫ్‌టీఎల్ అంటారు. ఆ గీత దాటాక ఖాళీగా వదలాల్సిన జాగా బఫర్ జోన్. 25 ఎకరాలూ అంతకన్నా పెద్ద చెరువులకైతే అది 30 మీటర్లు. చిన్నవాటికి 9 మీటర్లు. హెచ్‌ఎండీఏ వారి చెరువుల వెబ్‌సైట్లో మ్యాపులున్నాయి. ఇంట్లో కాలేజీకెళ్ళే పిల్లలుంటే పది నిమిషాల్లో తీసి చూపిస్తారు. ఇంకా సులువైనది, వానాకాలంలో వెళ్ళి చూడటం! ఎండాకాలంలో చూసిన స్థలం వేరు, శ్రావణంలో చూసిన స్థలం వేరు.

బిల్డరుకి బ్యాంకు మనమేనా?

నిజాంపేటలో ఉండే మా ఆడపడుచు ఓ సాయంత్రం ఫోన్ చేసింది. పేరంటంలో కలిసినావిడ ఒకరు ప్రీలాంచ్ ఫ్లాట్ల గురించి చెప్పారట. “చదరపు అడుగు బయట ఆరు వేలట వదినా, ఇప్పుడు మొత్తం కట్టేస్తే మూడున్నరకే ఇస్తారట. నా గాజులు బ్యాంకులో పెడదామనుకుంటున్నా” అంది. “రేరా నంబరు అడిగావా?” అన్నాను. మర్నాడు మళ్ళీ ఫోన్. “అప్లై చేశారట, నెలలో వచ్చేస్తుందట. నంబరొస్తే రేటు పెరిగిపోతుందట వదినా!” ఈ ‘పెరిగిపోతుంది’ అన్న మాటలోనే ఉంది కిటుకంతా. తొందర పెడితే ప్రశ్న నోట్లోంచి రాదు.

2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. దాన్నే రేరా అంటున్నాం. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, 8 ఫ్లాట్లకు మించి గానీ కడుతుంటే ముందు రేరాలో నమోదు చేయించాలి. అది కాకుండా అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడమూ తప్పే. అంటే ప్రీలాంచ్ అన్నదే చట్టానికి విరుద్ధం. నమోదయిన ప్రాజెక్టులో కూడా రిజిస్టరయిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవాళ్ళ డబ్బులో 70 శాతం విడిగా ఓ బ్యాంకు ఖాతాలో పెట్టి, ఆ ప్రాజెక్టు భూమికీ, నిర్మాణానికే వాడాలి. చెప్పిన గడువుకి ఇల్లివ్వకపోతే వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడిగే హక్కు మనకుంది. ఇల్లు చేతికొచ్చాక ఐదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే బాగుచేయించాలి.

ఇంత మంచి చట్టం ఉండగా జనం ఎందుకు మోసపోతున్నారు? నాకు తోచింది చెబుతాను. భూమి కొనడానికి బిల్డరుకి బ్యాంకులో అప్పు అంత తేలిగ్గా పుట్టదు. బ్యాంకు సవాలక్ష ప్రశ్నలేస్తుంది, తాకట్టు అడుగుతుంది, వడ్డీ వేస్తుంది. మనం ఏ ప్రశ్నా వేయం, తాకట్టు అడగం, వడ్డీ అడగం. ‘మనవాళ్ళే కదా’ అని పిన్నిగారి కూతురి మాట మీదో, పక్క ఫ్లాటు ఆవిడ మాట మీదో చెక్కు రాసిస్తాం. సగం ధరకి ఫ్లాటు వస్తోందని మనం అనుకుంటాం. వడ్డీ లేని అప్పు దొరికిందని బిల్డరు అనుకుంటాడు. ఆ డబ్బుతో ఇంకోచోట ఇంకో భూమికి అడ్వాన్సిస్తాడు. ఈ గొలుసు ఎక్కడో తెగుతుంది. 2022 డిసెంబరులో అమీన్‌పూర్ ప్రాజెక్టు పేరుతో వందల కోట్లు వసూలు చేసిన ఒక సంస్థ అధిపతిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. అంతదాకా వచ్చాక రాత్రికి రాత్రి డబ్బు తిరిగొస్తుందా? కోర్టుల చుట్టూ తిరగాలి.

కొందరు ‘యూడీఎస్ రిజిస్టరు చేస్తాం, భయమేముంది’ అంటారు. ఇంకా కట్టని భవనం కింద భూమిలో విడదీయని వాటా అన్నమాట. భూమిలో మీ వాటా 40 గజాలని కాగితంలో ఉంటుంది గానీ, అది ఏ మూల ఉందో, మీ ఫ్లాటు ఏ అంతస్తులో వస్తుందో, అసలు ప్లాను మంజూరవుతుందో లేదో ఆ కాగితం చెప్పదు.

మా ఆడపడుచు ఇంకో రెండు ప్రశ్నలు అడిగింది. మంజూరైన ప్లాను చూపిస్తారా? డబ్బు ఏ ఖాతాలో పడుతుంది? ఆ తర్వాత ఆవిడ ఫోన్ చేయలేదట. గాజులు ఇప్పటికి చేతికే ఉన్నాయి.

‘నీ పేరు మీదే కొంటున్నా’

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఓ పూట కూర్చుని చూడండి. మగవాళ్ళు డాక్యుమెంటు రైటరు చుట్టూ మూగి మాట్లాడుకుంటుంటారు. పట్టుచీరల్లో ఆడవాళ్ళు బెంచీ మీద వరసగా కూర్చుని ఉంటారు. పేరు పిలవగానే లోపలికెళ్ళి ఫోటో దిగి, వేలిముద్ర వేసి, చూపించినచోట సంతకం చేసి వచ్చేస్తారు. డిగ్రీలు చదివినవాళ్ళూ అంతే! “ఆయన చూసుకుంటారులెండి” అంటారు.

ఆయన చూసుకోవచ్చు. కానీ చట్టం చూసేది పేరునే. దాని లాభమూ ఉంది, బరువూ ఉంది.

ముందు లాభం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం స్త్రీ తన సొంతంగా పొందిన ఆస్తికి ఆమే పూర్తి యజమానురాలు. అమ్మాలన్నా, ఇవ్వాలన్నా ఆమె ఇష్టం. పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇవ్వడంలో మన రాష్ట్రం దేశం కన్నా ఇరవయ్యేళ్ళు ముందుంది. ఎన్టీఆర్ హయాంలో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. ఆనాటికి పెళ్ళయినవాళ్ళకి మాత్రం ఆ సవరణలో చోటు లేకపోయింది. దేశమంతటికీ, పెళ్ళయిన కూతుళ్ళకీ ఆ హక్కు 2005లో వచ్చింది.

ఇక బరువు. లెక్క తేలే సొమ్ముతో భర్త భార్య పేరున ఇల్లు కొంటే తప్పేమీ కాదు. లెక్కలేని సొమ్ముతో కొంటే అది బినామీ. 2016లో ఆ చట్టాన్ని గట్టి చేశారు. నేరం రుజువైతే ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా జైలు. డబ్బు పెట్టినవారికే కాదు, పేరిచ్చినవారికీ! కాబట్టి ‘ఈ డబ్బెక్కడిది?’ అని అడగడం మొగుణ్ణి అనుమానించడం కాదు, మన జాగ్రత్త మనం చూసుకోవడం. అలాగే హోంలోన్‌లో జంటగా సంతకం పెడితే అప్పు పూర్తిగా ఇద్దరిదీ. ‘నాది ఉత్త సంతకమే’ అంటే బ్యాంకు ఊరుకోదు. ఇంకో సంగతి. భర్త డబ్బుతో భార్య పేరున కొన్న ఇంటి మీద వచ్చే అద్దె, ఆదాయపు పన్ను లెక్కలో భర్త ఆదాయంగానే పోతుంది. పన్ను మిగులుతుందని పేరు మార్చేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

మనవాళ్ళు మాట్లాడ్డానికి ఇష్టపడని విషయం వీలునామా. పిల్లల్లేని స్త్రీ, భర్త కూడా లేనప్పుడు వీలునామా రాయకుండా పోతే, తను స్వయంగా సంపాదించి కొన్న ఇల్లు సైతం ముందు భర్త తరఫు వారసులకి వెళుతుంది. ఆమెని సాకిన తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే. అదే చట్టంలోని 15వ సెక్షన్ ఇది. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టిస్తే వీలునామా చెల్లుతుంది. అశుభమని వాయిదా వేయకండి.

అద్దె తిండి పెడుతుందా?

‘ఓ ఫ్లాటు కొని పడేస్తే అద్దెలతో జీవితం వెళ్ళిపోతుంది’ అన్న మాట మన ఇళ్ళలో తరచూ వింటాం. కాగితం మీద లెక్కేసి చూద్దాం. 60 లక్షల ఫ్లాటు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 2021 జులైలో తెలంగాణలో 7.5 శాతానికి పెంచారు. ఆ లెక్కన ఇంకో నాలుగున్నర లక్షలు. ఫ్లాటు కడుతుండగా కొంటే 5 శాతం జీఎస్టీ, అంటే మూడు లక్షలు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు వచ్చాక కొంటే ఆ జీఎస్టీ ఉండదు.

అద్దె నెలకి 18 వేలనుకుందాం. ఏడాదిలో ఓ నెల ఖాళీగా ఉంటుంది. పదకొండు నెలలకి వచ్చేది 1,98,000. ఇంటిపన్ను, సున్నాలు, రిపేర్లు 30 వేలు తీసేస్తే మిగిలేది 1,68,000. పెట్టిన 60 లక్షల మీద మూడు శాతం కూడా కాదు! అందులో 45 లక్షలు అప్పయితే? ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ళ వాయిదాలంటే నెలకి 39 వేల పైచిలుకు. అద్దె పోగా మిగతా 21 వేలు జీతంలోంచి రావాలి. ధర పెరుగుతుందన్న ఆశ మీదే ఈ బండి నడుస్తుంది. పెరగచ్చు. అమరావతి చుట్టుపక్కల కొన్నవాళ్ళనడగండి. 2015లో ఎగిరిన ధరలు 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కూలబడ్డాయి. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ కదిలాయి. ఆగగలిగినవాళ్ళు నిలిచారు. ఆడపిల్ల పెళ్ళికో, ఆపరేషనుకో మధ్యలో అమ్మాల్సి వచ్చినవాళ్ళు మునిగారు. కొనద్దని కాదు నా ఉద్దేశం. ఐదేళ్ళ దాకా చేయి పెట్టక్కర్లేని డబ్బుతో కొనాలి. తాళి, గాజులు తాకట్టు పెట్టి కాదు.

వాటా అద్దెకిచ్చే ముందు

మా మేడ మీద వాటా వ్యవహారం నేనే చూస్తాను. అనుభవంతో చెబుతున్నాను, నోటిమాట ఒప్పందం ఇద్దరికీ చేటే. అద్దె ఒప్పందాలు 11 నెలలకే రాసే అలవాటు ఎక్కువ. ‘పన్నెండేళ్ళుంటే ఇల్లు అద్దెకున్నవాడిదైపోతుందట’ అని మా పెదనాన్నగారు భయపడేవారు. మీ అనుమతితో అద్దె కడుతూ ఉన్నంతకాలం అతను కిరాయిదారే, యజమాని కాలేడు. అందుకే ప్రతిసారీ ఒప్పందం కొత్తగా రాయించండి. అద్దె బ్యాంకు ద్వారా తీసుకోండి, అదే సాక్ష్యం.

ఒప్పందంలో అద్దె ఎంత, ఏ తేదీకి కట్టాలి, మళ్ళీ రాసేటప్పుడు ఎంత పెంచుతారు, అడ్వాన్సులో రంగులకెంత కోస్తారు, ఖాళీ చేసేముందు ఎన్నాళ్ళు చెప్పాలి... అన్నీ రాయండి. ఫ్యాన్లు, గీజరు, తాళంచెవుల లెక్క, కరెంటు మీటరు రీడింగు కూడా. 2021లో కేంద్రం రూపొందించిన నమూనా అద్దె చట్టం నివాసాలకి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు వద్దంది. ఆ పద్ధతి పాటిస్తే మంచి కిరాయిదారులు నిలుస్తారు. ఆధార్ కాపీ తీసుకుని పోలీస్ స్టేషన్‌లో వివరాలివ్వండి. అద్దె ఇవ్వకపోతే నోటీసివ్వాలి, కోర్టుకెళ్ళాలి. అంతేగానీ కరెంటు పీకేయడం, నీళ్ళు కట్టేయడం, సామాన్లు బయట పడేయడం చేస్తే కేసు మన మీదకే వస్తుంది.

ఇంకొక్క మాట. ఒంటరి ఆడవాళ్ళకివ్వం, విడాకులు తీసుకున్నావిడకివ్వం, ఫలానా కులం వాళ్ళకివ్వం అని టు-లెట్ బోర్డు కింద రాయకపోయినా మాటల్లో చెప్పేస్తుంటాం. ఆ వాటా మన పేరున ఉన్నప్పుడు ఆ మాట అనేదీ, మానేదీ మనమే కదా! నా మేడ మీద ఇప్పుడుంటున్నది తల్లీ, ఉద్యోగం చేసుకునే కూతురూ. ఐదో తారీఖు దాటకుండా అద్దె వస్తోంది.

ఈ ఆదివారం భోజనాలయ్యాక బీరువాలోంచి ఆ ఫైలు బయటికి తీయించండి. మావారు కొంతమందిలా “నీకెందుకివన్నీ” అనరు గానీ, మీవారు అంటే నవ్వుతూ “నా పేరుంది కదండీ” అనండి. దస్తావేజు ఒకసారి పైకి చదవండి. హద్దులు చూడండి. ఈసీ ఎప్పటిదో చూడండి, పాతదైతే కొత్తది తీయించండి. ఒరిజినల్ బ్యాంకులో ఉంటే ఆ రసీదెక్కడుందో కనుక్కోండి. అప్పు ఇంకా ఎంతుందో ఓ కాగితం మీద రాసుకోండి. లింకు డాక్యుమెంట్లు లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకళ్ళకి దరఖాస్తు పెట్టండి. అన్నిటికీ జిరాక్సులు తీయించి ఓ సెట్టు మీ దగ్గరే ఉంచుకోండి. కూతురుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. తన పేరున కొనే రోజు వచ్చేసరికి బెంచీ మీద కూర్చుని పిలుపు కోసం చూడదు.